మూలన పడిన బండిని మళ్ళీ రోడ్డెక్కించడం ఎలా

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చాలామంది చేసే పని ఒకటుంది. మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన నాన్న స్ప్లెండర్‌నో, మావయ్య ప్యాషన్‌నో చూడగానే ప్రేమ పొంగుకొస్తుంది. బయటికి లాగి, సీటు మీద గుడ్డతో రెండు దెబ్బలు వేసి, చోక్ లాగి కిక్కు కొట్టడం మొదలుపెడతారు. చెమటలు పట్టాక, తోసి స్టార్ట్ చేద్దామని వీధిలో పిల్లల్ని పిలుస్తారు. ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది కూడా. అసలు నష్టం జరిగేది అప్పుడే. ఏళ్ళుగా ఆయిల్ చుక్క తగలని సిలిండర్‌లో పిస్టన్ రింగులు పొడిగా రాసుకుంటాయి. ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పు, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బరేటర్‌లోకి దిగుతుంది. ఎలుక కొరికిన వైరు ఏదైనా ఉంటే షార్ట్ అవుతుంది. స్టార్ట్ అయిందన్న సంబరంలో వీధి చివరిదాకా పోనిస్తే, బ్రేకు పట్టదని అక్కడ తెలుస్తుంది.

అందుకే ఈ పనిలో కిక్కు ఆఖర్న. దానికి ముందు చేయాల్సినవన్నీ వరసగా చెప్తాను. ఒక పూటలో అయిపోతుందనుకోకండి, రెండు రోజులు పెట్టుకోండి.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా 100 నుంచి 150 సీసీ దాకా ఉండే ఫోర్ స్ట్రోక్ కార్బరేటర్ బళ్ళ గురించి: స్ప్లెండర్, ప్యాషన్, ప్లాటినా, షైన్, పల్సర్ లాంటివి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్ళలో చాలావాటికి కార్బరేటర్ ఉండదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. వాటి సంగతి మధ్యలో వేరుగా చెప్తాను. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్ళకు ఆయిల్ లెక్కే వేరు. అయినా ఆర్ఎక్స్ ఉన్నవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు, వాళ్ళే నలుగురికి చెప్తారు.

ముందు కాగితాలు

నట్టు మీద పానా పెట్టకముందే ఆర్సీ తీసి చూడండి. సొంత వాహనాలకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే ఉంటుంది. ఆ తర్వాత బండిని ఆర్టీఓ ఆఫీసులో చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. 2008లో కొన్న బండి అయితే గడువు 2023లోనే పోయింది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ మూడింటి గడువులూ కనిపిస్తాయి.

చాలా ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంటుంది. బండి చనిపోయిన పెద్దవాళ్ళ పేరు మీదే ఉండిపోతుంది. చట్టం ప్రకారం యజమాని పోయాక 30 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి, మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఆ బాధలో ఎవరికి గుర్తుంటుంది? ఆలస్యమైనా సరే, డెత్ సర్టిఫికెట్‌తో వెళ్ళి ఆ పని పూర్తి చేసుకోండి. పేరు మారకుండా తిరిగితే, ఏదైనా ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ దగ్గర నానా తంటాలూ పడాలి.

ఇన్సూరెన్స్ విషయంలో 2018 సెప్టెంబర్ తర్వాత బండి కొన్నవాళ్ళు ఎక్కువగా ఏమరుపాటులో ఉంటారు. అప్పట్నుంచి కొత్త బైకులకు ఐదేళ్ళ థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి ఇస్తున్నారు. అది ఉందన్న ధీమాతో పాలసీ సంగతే మర్చిపోతారు, ఈలోగా ఐదేళ్ళూ గడిచిపోతాయి. కనీసం థర్డ్ పార్టీ పాలసీ లేకుండా బండి గేటు దాటకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్‌కు ఎలాగూ ఇంజన్ నడవాలి కాబట్టి అది చివర్న చూసుకోవచ్చు.

కాగితాలు పూర్తిగా చెడి, ఇంజన్ కూడా పట్టేసి ఉంటే, పెట్టే ఖర్చు బండి విలువ కంటే ఎక్కువే అవుతుంది. నాన్న బండి అన్న మమకారంతో పెడితే తప్పేం లేదు. లెక్క మాత్రం ముందే తెలుసుకుని మొదలుపెట్టండి.

కవరు తీసేటప్పుడు చేతులు జాగ్రత్త

పల్లెటూళ్ళో ఏళ్ళ తరబడి కప్పి ఉన్న పట్టా కింద తేళ్ళు ఉండటం మామూలే. చేతికి గ్లౌజు వేసుకుని, కర్రతో పట్టా లాగండి. బండిని వెలుతురున్న చోటికి తోసుకొచ్చి మెయిన్ స్టాండ్ వేయండి. తోసేటప్పుడే రెండు చక్రాలూ తేలిగ్గా తిరుగుతున్నాయో, ఏదైనా పట్టేసిందో తెలిసిపోతుంది.

సీటు, సైడు డోములు విప్పండి. ఎలుకలకు ఎయిర్ ఫిల్టర్ డబ్బా అంటే మహా ఇష్టం. వడ్లపొట్టు, గుడ్డపేలికలు, కాగితం ముక్కలు తెచ్చి గూడు కట్టేస్తాయి. ఫిల్టర్ కొరికేసి ఉంటే కొత్తది వేయడమే, వేరే దారి లేదు. అక్కణ్ణుంచి వైర్ల వెంట చూపు పోనివ్వండి. ఒకటి రెండు చోట్ల పైతొడుగు మాత్రం పోయి ఉంటే ఇన్సులేషన్ టేపు సరిపోతుంది. కట్ట మొత్తం కొరికేసి ఉంటే బ్యాటరీ కనెక్షన్ ఇవ్వకుండా ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.

తర్వాత సైలెన్సర్ చివర టార్చి వేసి చూడండి. కుమ్మరి పురుగులు అక్కడ మట్టితో గూళ్ళు కడతాయి. బయటికి ఏమీ కనపడదు, లోపల దారి మూసుకుపోయి ఉంటుంది. అన్నీ బాగున్నా బండి ఎందుకు స్టార్ట్ కావట్లేదో తెలియక జుట్టు పీక్కునే కేసుల్లో ఇదొకటి. వంచిన ఇనప తీగతో గోకితే మట్టి రాలిపోతుంది.

ఇప్పుడు కడగాలనిపిస్తుంది. ఆగండి, ముందు తడిగుడ్డతో తుడవండి చాలు. వాటర్ సర్వీసింగ్ బండి నడిచాక చేయించుకోవచ్చు.

పాత పెట్రోల్‌ను నమ్మకండి

ఎక్కువ శ్రమ, ఎక్కువ ఫలితం రెండూ ఇక్కడే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కు గాలిలో తేమను లాక్కునే గుణం ఉంది. నెలల తరబడి నిలవుంటే ఆ నీరు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ట్యాంకు కాక్ (పెట్రోల్ ఆన్, ఆఫ్ చేసే కుళాయి) పీల్చుకునేది ఆ అడుగునుంచే. అంటే కార్బరేటర్‌కు ముందుగా వెళ్ళేది ఆ నీళ్ళే. ఈ కలపడం మొదలుకాక ముందటి పెట్రోల్ అయినా అంతే, తేలిక భాగం ఆవిరైపోయి మిగిలింది జిగురుగా మారుతుంది.

ట్యాంకు మూత తీసి వాసన చూడండి. తాజా పెట్రోల్ ఘాటుగా ముక్కుకు తగులుతుంది. పాతది పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు పుల్లటి వాసన కొడుతుంది. వెలుగు కావాలంటే టార్చి వాడండి. అగ్గిపుల్ల, లైటరు, సిగరెట్టు, దగ్గర్లో కట్టెల పొయ్యి ఏవీ ఉండకూడదు. ఈ పని ఆరుబయటే చేయాలి.

కాక్ నుంచి కార్బరేటర్‌కు వెళ్ళే పైపు ఊడదీసి, ఆన్‌లో కాకుండా రిజర్వ్‌లో పెట్టి, మొత్తం పెట్రోల్‌ను ఇనప డబ్బాలోకి దింపండి. అందులో కాస్త గాజు గ్లాసులోకి తీసి పది నిమిషాలు కదలకుండా ఉంచితే, నీరుంటే అడుగున గీత గీసినట్టు వేరుపడుతుంది. ఆ పెట్రోల్‌ను కాలవలో పోయకండి, చెత్త మీద పోసి తగలబెట్టకండి. విడిభాగాలు కడుక్కోవడానికి మెకానిక్కులు తీసుకుంటారు, వాళ్ళకిచ్చేయండి. రబ్బరు పైపు గట్టిపడి పగుళ్ళిచ్చి ఉంటే మార్చేయండి. చిన్న ఖర్చుకు చూసుకుని వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారేలా వదిలేయడం తెలివైన పని కాదు.

ఇప్పుడు ఖాళీ ట్యాంకులో టార్చి వేసి చూడండి. అడుగు వెండిలా మెరుస్తుంటే మీ అదృష్టం. పైపైన ఎర్రటి పొర ఉంటే ఇంట్లోనే తీసేయొచ్చు. దానికి నిమ్మ ఉప్పు చాలు, కిరాణా కొట్లో దొరుకుతుంది. ట్యాంకును బండి నుంచి విప్పి, కాక్ తీసేసి ఆ కన్నం బిగుతుగా మూసి, లీటరు గోరువెచ్చటి నీటికి సుమారు వంద గ్రాముల లెక్కన కలిపి నింపండి. రాత్రంతా ఉంచి పొద్దున పారబోస్తే నీళ్ళు తుప్పుతో పసుపు, గోధుమ రంగుల్లో వస్తాయి. తర్వాత వంట సోడా కలిపిన నీళ్ళతో ఒకసారి, మామూలు నీళ్ళతో రెండు మూడుసార్లు కడగాలి. అసలు కిటుకు ఇక్కడుంది: కడిగిన ట్యాంకు లోపల చూస్తుండగానే మళ్ళీ తుప్పు పడుతుంది. అందుకని వెంటనే గాలి మిషన్‌తోనో ఎండలోనో బాగా ఆరబెట్టి, కొంచెం పెట్రోల్‌లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ కలిపి లోపలంతా తడిసేలా గిలకొట్టి ఒంపేయండి. తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంటే మాత్రం నిమ్మ ఉప్పుతో ఆటలు వద్దు. పెచ్చు ఊడితే చిల్లు బయటపడుతుంది. అలాంటి ట్యాంకు మార్చడమే మంచిది.

కొత్త పెట్రోల్ రెండు లీటర్లు చాలు. బంకులో ప్లాస్టిక్ సీసాల్లో పొయ్యరు, పొయ్యకూడదు కూడా. ఇంట్లో నడిచే ఇంకో బండి ఉంటే దాని ట్యాంకు నుంచి దింపుకోవడమే తేలిక.

కార్బరేటర్

కార్బరేటర్ అడుగున గిన్నెలాంటి భాగం ఉంటుంది. దాని కింద చిన్న డ్రైన్ స్క్రూ. అది వదులు చేస్తే పక్క పైపులోంచి పాత పెట్రోల్ కారిపోతుంది. కారినది శుభ్రంగా ఉంటే విప్పకుండానే ప్రయత్నించవచ్చు. కానీ ఏడాది దాటి నిలబెట్టిన బండికి విప్పి చూడటమే మేలు.

గిన్నె స్క్రూలు మెత్తటి లోహానివి, చాలా ఏళ్ళుగా కదలనివి. సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ పెట్టి, తిప్పే బలం కంటే లోపలికి నొక్కే బలం ఎక్కువ ఉండేలా తిప్పండి. తల అరిగిపోయిందా, ఇక ఆ స్క్రూతో సాయంత్రం దాకా కుస్తీయే. గిన్నె ఊడగానే అడుగున బెల్లం పాకంలా గట్టిపడిన జిగురు, పచ్చటి మరకలు కనిపిస్తాయి. మధ్యలో రెండు ఇత్తడి జెట్లు ఉంటాయి. పెద్దది మెయిన్ జెట్టు, పక్కన సన్నటిది స్లో జెట్టు. మీ బండిని స్టార్ట్ కాకుండా చేసేది నూటికి తొంభై పాళ్ళు ఆ స్లో జెట్టే. దాని కన్నం సూది మొన కంటే సన్నం. విప్పి ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూడండి. గుండ్రంగా, పదునైన అంచుతో వెలుగు చుక్క కనపడాలి. మసకగానో అర్ధచంద్రాకారంలోనో కనిపిస్తే లోపల ఇంకా జిగురు ఉన్నట్టే.

కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి పది నిమిషాలు నాననిచ్చి, గాలి మిషన్‌తో ఊదండి. గుండుసూది, గుండీల సూది దూర్చకండి. ఇత్తడి మెత్తన, కన్నం ఏ కాస్త పెద్దదైనా పెట్రోల్ ఎక్కువ పోయి మైలేజీ పడిపోతుంది. అంతగా రాకపోతే కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి మెల్లగా పోనివ్వండి. స్ప్రే కొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. ఒక కన్నంలో కొడితే ఇంకో కన్నంలోంచి నేరుగా మొహం మీదికి చిమ్ముతుంది.

పక్కన ఉండే ఎయిర్ స్క్రూను తీసేముందు ఒక పని చేయండి. దాన్ని లోపలికి మెల్లగా బిగిస్తూ, ఎన్ని చుట్లు తిరిగి ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. మళ్ళీ పెట్టేటప్పుడు పూర్తిగా బిగించి అన్ని చుట్లే వెనక్కి తిప్పితే పాత సెట్టింగు యథాతథంగా వస్తుంది. ఈ చిన్న లెక్క రాసుకోనందుకే చాలామంది ఆ తర్వాత ట్యూనింగ్ కోసం మెకానిక్ చుట్టూ తిరుగుతారు.

గిన్నె బిగించి పెట్రోల్ ఆన్ చేశాక ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోల్ ఆగకుండా కారుతుంటే, లోపల పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ పిన్ను అతుక్కున్నట్టు. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెను రెండుసార్లు మెల్లగా తట్టండి. తరచుగా అంతటితో ఆగిపోతుంది. ఆగకపోతే మళ్ళీ విప్పాలి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే ఈ గొడవంతా లేదు, కానీ ఇంట్లో చేసుకోగలిగిందీ లేదు. పెట్రోల్ మార్చి, బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ చేసి, కీ ఆన్ చేసి చెవి పెట్టి వినండి. ట్యాంకు లోపల పంపు రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్యిమనాలి. ఆ చప్పుడు రాకపోయినా, స్టార్ట్ అయ్యాక కూడా ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతూనే ఉన్నా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్ళండి.

సిలిండర్, ప్లగ్గు, ఆయిల్

స్పార్క్ ప్లగ్గు విప్పేముందు దాని చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో, గాలితో తీసేయండి. ఒక ఇసుక రేణువు లోపల పడినా సిలిండర్ గోడ గీసుకుపోతుంది. ప్లగ్గు తీశాక ఆ కన్నంలో ఒక టీ చెంచాడు కొత్త ఇంజన్ ఆయిల్ పోసి, ఓ గంట వదిలేయండి. తర్వాత కీ ఆఫ్‌లోనే ఉంచి, కన్నం మీద గుడ్డ వేసి, కిక్కు రాడ్‌ను చేత్తో నెమ్మదిగా కిందికి నొక్కండి. మెత్తగా దిగితే అంతా బాగున్నట్టే, ఒక పదిసార్లు అలా నొక్కితే రింగులకు ఆయిల్ పడుతుంది.

అసలు కదలకపోతే? పిస్టన్ పట్టేసింది. కాలితో ఎగిరి తొక్కకండి. ఇంకాస్త ఆయిల్ పోసి రాత్రంతా ఉంచి, టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజన్ విప్పాల్సిందే. అది ఇంటి పని కాదు.

ప్లగ్గు కొత్తది వేయడమే ఉత్తమం, పాతదాన్ని గరుకు కాగితంతో రుద్ది ఆదా చేసేది పెద్దగా ఏమీ ఉండదు. కొత్తదాన్ని ముందు చేత్తోనే నాలుగైదు చుట్లు బిగించి, ఆఖర్న మాత్రమే పానా వాడండి. మొదటి నుంచీ పానాతో తిప్పితే మర వంకరగా ఎక్కే ప్రమాదం ఉంది.

ఇంజన్ ఆయిల్ పైకి బాగానే కనపడినా మార్చేయండి. నిలవున్న ఆయిల్‌లో తేమ చేరుతుంది. కిందికి దించినప్పుడు తెల్లగా నురగలా వస్తే లోపలికి నీళ్ళు పోయినట్టు, అప్పుడు కొత్త ఆయిల్‌తో కొంచెంసేపు నడిపి మళ్ళీ ఒకసారి మార్చాలి. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోయకండి. బైకులో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే తడుస్తూ ఉంటాయి, కారు ఆయిల్‌లోని జారుడు మందులకు అవి జారిపోతాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసి కొనండి. స్ప్లెండర్ లాంటివాటికి 10డబ్ల్యూ30, బుల్లెట్లకు 15డబ్ల్యూ50 గ్రేడు. కింది డ్రైన్ బోల్టు అల్యూమినియం కేసులో కూర్చుంటుంది. బలం ఉంది కదా అని బిగిస్తే మర ఊడి, లేత్ షాపు దాకా వెళ్ళాల్సి వస్తుంది.

బ్యాటరీ

పాత 100 సీసీ బళ్ళు చాలావాటికి కిక్కుతో స్టార్ట్ కావడానికి బ్యాటరీ అక్కర్లేదు. హారన్‌కు, ఇండికేటర్లకే కావాలి. కాబట్టి దాని కోసం పని ఆపొద్దు. విప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, బిగించేటప్పుడు ముందు ప్లస్ వైరు. మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తే పూర్తి ఛార్జ్. 12 కంటే తక్కువుంటే ఛార్జింగ్ పెట్టాలి. పదిన్నరకు దిగిపోతే ఒక సెల్ పోయినట్టే, దాని మీద ఆశ వదులుకోండి. ఛార్జర్ కరెంటు బ్యాటరీ యాంపియర్ అవర్లలో పదో వంతు ఉండాలి. 5 ఏహెచ్ బ్యాటరీకి అర యాంపియర్. పెద్ద బ్యాటరీల ఛార్జర్‌కు తగిలిస్తే చిన్న బ్యాటరీ ఉబ్బిపోతుంది.

ఆపడం కుదిరాకే నడపడం

డ్రమ్ బ్రేకులైతే చక్రం విప్పి లోపలి బూడిదలాంటి దుమ్మును తడిగుడ్డతో తుడవండి, నోటితో ఊదకండి. బ్రేకు లీవరు తిరిగే క్యామ్‌కు తుప్పు పట్టి ఉంటే బ్రేకు నొక్కితే పడుతుంది, వదిలితే వెనక్కి రాదు. అక్కడ తుప్పు రుద్ది కొద్దిగా గ్రీజు రాయండి. గ్రీజు బ్రేకు షూలకు అంటకూడదు. డిస్క్ అయితే పైన పట్టిన ఎర్ర తుప్పు నాలుగు బ్రేకులు కొట్టగానే పోతుంది, దానికి టెన్షన్ వద్దు. చూడాల్సింది బ్రేక్ ఆయిల్. రెండేళ్ళు దాటినా, నల్లబడినా మార్పించండి. అది ట్యాంకు మీద పడితే పెయింటు లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్ళతో కడగండి.

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2316 అంటే 2016లో 23వ వారంలో తయారైందని. బటన్లు ఎంత లోతుగా ఉన్నా సరే, పక్క గోడల మీద సన్నటి పగుళ్ళున్నా, తయారై పదేళ్ళయినా ఆ టైరుతో రోడ్డెక్కకండి. ఇంట్లో వాడకుండా ఉన్న టైరు కొత్తదే అన్నది మనవాళ్ళలో బాగా పాతుకుపోయిన భ్రమ. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది, వానలో పట్టు తప్పుతుంది. ట్యూబు కూడా మార్చుకోండి. గాలి ఎంత పెట్టాలో చైన్ కవరు మీదో, వెనక ఫోర్కు మీదో స్టిక్కరు ఉంటుంది.

చైను శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ ఆఫ్‌లోనే ఉండాలి. బండిని గేరులో తిప్పుతూ గుడ్డ పట్టుకుని చైను తుడిచే అలవాటు కొందరికి ఉంది. ఆ గుడ్డతో పాటు వేళ్ళు స్ప్రాకెట్‌లోకి వెళ్ళడానికి క్షణం పట్టదు. న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పుతూ, డీజిల్ తడిపిన బ్రష్షుతో రుద్ది, ఆరాక గేర్ ఆయిల్ రాయండి. కిరసనాయిలు మంచిదే, అది దొరకడమే గగనమైపోయింది. లింకులు వంగి, సాగదీసినా తిన్నగా రాకపోతే చైను ఒక్కటే కాక స్ప్రాకెట్లతో సహా సెట్టు మొత్తం మార్చాలి. మధ్యలో వేలితో ఎత్తితే చాలా కమ్యూటర్ బళ్ళకు రెండున్నర, మూడు సెంటీమీటర్ల దాకా ఆడాలి. బిగించేటప్పుడు రెండు వైపులా గుర్తులు సమానంగా ఉన్నాయో చూసుకోండి.

ఎక్సలేటర్ తిప్పి వదిలితే టప్పున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే కేబుల్ మార్చండి.

ఇప్పుడు కిక్కు

బండి ఆరుబయట ఉండాలి, షెడ్డులో కాదు. సైలెన్సర్ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. పెట్రోల్ ఆన్ చేసి ఒక నిమిషం ఆగండి, గిన్నె నిండుతుంది. చోక్ లాగి, కీ ఆన్ చేసి, ఎక్సలేటర్ ముట్టకుండా కిక్కు కొట్టండి. ఏడెనిమిది కిక్కులకు రాకపోతే ఆపి ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది: తుడిచి, లాగిన చోక్ వెనక్కి నెట్టేసి, ఎక్సలేటర్ పూర్తిగా తెరిచి కొట్టండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు: మళ్ళీ కార్బరేటర్ దగ్గరికే. ప్లగ్గు తడిగా ఉండి నిప్పు రాకపోతే కాయిల్, వైర్లు చూడాలి. నిప్పు పరీక్షించేటప్పుడు ప్లగ్గు కన్నానికి దూరంగా, కన్నం గుడ్డతో మూసి చేయండి, లోపలి ఆవిరి అంటుకోగలదు.

స్టార్ట్ కాగానే తెల్లపొగ గుప్పున వస్తుంది. మీరు పోసిన ఆయిలే అది, కొద్ది నిమిషాల్లో పోతుంది. బండి వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే రింగులో వాల్వు సీళ్ళో పోయాయి. నల్లపొగ అయితే చోక్ ఇంకా లాగే ఉందేమో, ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి. రైజ్ చేయొద్దు, ఐడిల్‌లో పది నిమిషాలు నడవనివ్వండి.

క్లచ్ నొక్కి గేరు వేయగానే బండి దూకి ఆగిపోతే ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇంజన్ ఆపి, గేరులో ఉంచి, క్లచ్ పూర్తిగా పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపుతుంటే టక్కున వదులుతాయి.

మొదటి రైడు ఊరి లోపలే, రెండు మూడు కిలోమీటర్లు, హెల్మెట్‌తో. వెళ్ళేముందు నిలబెట్టిన చోటే రెండు బ్రేకులూ పట్టి తోసి చూడండి. తిరిగొచ్చాక ఇంజన్ కింద కాగితం పరిచి అరగంట వదిలేస్తే కారుతున్నది ఏదైనా ఉంటే మచ్చ పడుతుంది. యాక్సిల్ నట్లు, బ్రేకు రాడ్డు, చైను సర్దుబాటు మళ్ళీ ఒకసారి చూసుకుని, అప్పుడు పొల్యూషన్ సెంటర్‌కు వెళ్ళండి.

సెలవు అయిపోతే

మళ్ళీ హైదరాబాదుకో, బెంగళూరుకో, డల్లాస్‌కో వెళ్ళిపోతున్నారంటే వెళ్ళేముందు పది నిమిషాలు పెట్టండి. ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించండి, ఖాళీ జాగా లేకపోతే లోపల తేమ చేరదు. కాక్ మూసి బండి దానంతటదే ఆగిపోయేదాకా నడపండి, డ్రైన్ స్క్రూ వదులు చేసి గిన్నె ఖాళీ చేయండి. బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. మెయిన్ స్టాండ్ వేసి, ప్లాస్టిక్ పట్టా కాకుండా పాత దుప్పటి కప్పండి.

ఇంట్లో ఎవరైనా నడిపేవాళ్ళుంటే ఇదంతా అక్కర్లేదు. రెండు వారాలకోసారి కనీసం పావుగంట రోడ్డు మీద తిప్పమనండి. ఉన్నచోటే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఇంజన్ పూర్తిగా వేడెక్కక, లోపల పుట్టిన తేమ ఆయిల్‌లోనే ఉండిపోతుంది.

సైలెన్సర్ మూతికి పాలిథిన్ కవరు పెట్టి రబ్బరు బ్యాండు వేస్తే కుమ్మరి పురుగులు దూరవు. కవరు పెట్టారన్న సంగతి మాత్రం ఓ చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి కిక్కు రాడ్‌కు కట్టండి.